విరిగిన బోల్టు – మూడు సెలవు దినాలు

కర్మశాలలో జీవితం గడిపిన వారందరికీ ఒక శబ్దం చిరపరిచితం. పానా చేతిలో బిగువుగా ఉన్నంతసేపు భయం లేదు. ఆ బిగువు ఉన్నట్టుండి మెత్తబడి, బోల్టు కదిలిందన్న సంతోషం కలిగిన మరుక్షణమే 'టిక్' మని సన్నని శబ్దం వినవస్తుంది. అటుపై పానా హాయిగా తిరుగుతుంది. బోల్టు తల మాత్రం పానాతోపాటు చేతిలోకి వస్తుంది; మొండెం ఇనుములోనే ఉండిపోతుంది.

గత సంవత్సరం సెప్టెంబరులో, విశాఖ రేవు లోపలి జలాలలో లంగరు వేసి ఉన్న ఒక పాత తెరచాప పడవలో, ఆ శబ్దం మా చేతుల మీదుగానే వినిపించినది. యంత్ర నిర్వహణ విభాగంలో ఇరవై ఏళ్లకు పైబడిన అనుభవం ఉన్న మేము ముగ్గురం అక్కడ ఉన్నాము. మాతో వచ్చిన అప్రెంటిసు కుర్రవాడు మాత్రం "సార్, ముందు కొంచెం వేడి చేద్దామా?" అని అంతకు ఐదు నిమిషాల క్రితమే అడిగి ఉన్నాడు. "అక్కరలేదు నాయనా, నాలుగు బోల్టులే కదా" అన్నది మేమే. ఈ వ్యాసం రాయడానికి మాకున్న అర్హత అంతకంటే వేరే ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాము.

పడవ మా విభాగంలోనే పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దలొకరిది. పొడవు ఎనిమిది మీటర్లు, ఒళ్లు ఫైబర్‌గ్లాసు. ఇంజను ఒంటి సిలిండరు డీజిల్, 9 అశ్వశక్తుల సామర్థ్యం గలది. దాని తయారీ ఆగిపోయి చాలా కాలమైనది. తెరచాప ఉన్న పడవకు ఇంజను ఎందుకని మా ఇళ్లలోని వారు అడిగిన ప్రశ్న సహేతుకమైనదే. విశాల సముద్రంలో గాలి చాలు. రేవు ముఖద్వారంలో, ఓడల రాకపోకల నడుమ, గాలి పడిపోయిన వేళ చాప ఎందుకూ కొరగాదు. అప్పుడు ఆ చిన్న ఇంజనే దిక్కు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన నాటి సంగతి ఈ నగరవాసులకు చెప్పనక్కరలేదు. అక్టోబరు మొదలుకొని డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. హెచ్చరిక వెలువడినప్పుడు పడవను తన కాళ్లపై తాను భద్రమైన చోటికి తరలించుకోగలగాలి. మాకున్న వ్యవధి మూడు వారాలు. అందులో మాకు సెలవు దొరికేది ఆదివారాలలోనే.

భారతీయులు తెరచాప నౌకలో భూప్రదక్షిణ చేయడం 'తృష్ణ'తో 1985–87 సంవత్సరాలలో మొదటిసారి జరిగినది. 2017 సెప్టెంబరులో గోవా నుండి బయలుదేరి 2018 మేలో తిరిగి వచ్చిన నౌకాదళపు 'తారిణి'లో ఆరుగురు మహిళా అధికారులు ప్రయాణించారు. వారిలో పి. స్వాతి మన విశాఖపట్నం వారు, బి. ఐశ్వర్య హైదరాబాదు వారు. భూమి చుట్టూ తిరిగేవారైనా, రేవు చుట్టూ తిరిగేవారైనా, నడిసముద్రంలో ఏదైనా చెడితే బాగుచేసుకోవలసినది పడవలో ఉన్నవారే. అందుచేతనే మా పెద్దలు ఇంజను పనిని ఎవరికీ ఒప్పగించక, దగ్గర కూర్చుని నేర్చుకుంటూ చేయించుకుంటారు.

ఇంతకూ జరిగినదేమిటి? ఇంజను వేడెక్కుతున్నది. పొగగొట్టం నుండి నీటికి బదులు ఆవిరి వస్తున్నది. ఇటువంటి పాత ఇంజనులలో రేడియేటరు ఉండదు. పంపు సముద్రపు నీటినే లోనికి లాగి, సిలిండరు చుట్టూ ఉన్న నీటి గదిలో తిప్పి, పొగతోపాటు బయటకు పంపుతుంది. నీటి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటు సిలిండరు హెడ్డుపై ఒక అల్యూమినియం గూటిలో ఉంటుంది. కారు ఇంజనులో ఇది 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుంటే, సముద్రపు నీటి ఇంజనులో 50 డిగ్రీలకు అటూ ఇటూగానే తెరుచుకోవాలి. లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వేడి 60 డిగ్రీలు దాటితే అవి గోడలకు పెచ్చులుగా పట్టడం మొదలవుతుంది. మా ఇంజనులో థర్మోస్టాటు బిగుసుకుపోయినదని రూఢి అయినది. గూడు విప్పి కొత్తది వేయడం అరగంట పని. గూటిని పట్టి ఉంచినవి 8 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు.

మూడు వచ్చాయి. నాలుగవది విరిగినది.

ఉప్పునీటి దగ్గర ఇనుము ఎందుకింత మొండికేస్తుందో ఒక మాట చెప్పాలి. తుప్పు అనేది ఇనుము తగ్గిపోవడం మాత్రమే కాదు; అది పెరగడం కూడా. తుప్పుగా మారిన ఇనుము అంతకు మునుపటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరచుట్ల నడుమ వెంట్రుకవాసి సందులో అంత పదార్థం పుట్టుకువస్తే అది పోయే దారి లేదు. చుట్లను ఒకదానికొకటి అదిమి బిగించివేస్తుంది. పైగా మా గూడు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఉప్పునీటిలో తడిసిన రెండు భిన్న లోహాలు కలిసి ఉన్నచోట ఒక చిన్న విద్యుత్ ఘటమే ఏర్పడి, అల్యూమినియం కరుగుతూ తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి గూటి రంధ్రంలో బోల్టు నడుమును నలువైపులా పట్టుకున్నది. కింద ఎర్రతుప్పు, పైన తెల్లపొడి. మధ్యనున్న బోల్టు వ్యాసం మరచుట్ల అడుగున ఆరున్నర మిల్లీమీటర్లకు మించదు. అంత ఉక్కు, అదీ కొత్తగా ఉన్నప్పుడు, అడుగు పొడవు పానా చివర సుమారు 15 కిలోల బరువు వేస్తే మెలితిరిగి తెగిపోతుంది. ఇటువంటి బోల్టును బిగించవలసిన పరిమితి అందులో సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. తుప్పు పట్టినదాని సంగతి చెప్పనవసరం లేదు. చేయి బలం ఉన్నవాడి చేతిలో బోల్టు ఎప్పుడూ బలహీనమైనదే.

ఈ సందర్భంలో మన తీరప్రాంతపు మసూలా పడవలు గుర్తుకు రాక మానవు. పలకలను మేకులతో కాక కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసేవారు. కెరటాల దెబ్బకు పడవ ఒళ్లు విరగక వంగడానికి అలా కుట్టారంటారు. దానిలో తుప్పు పట్టవలసిన మేకు లేదన్నది మాత్రం ఆనాడు మాకు విశేషంగా తోచినది.

మొదటి ఆదివారం మేము చేసిన రెండవ తప్పు మొదటిదానికంటే పెద్దది. చెక్క సుత్తితో నాలుగు వైపులా మెల్లగా తట్టి గూటిని పైకి తీయగలిగాము. బోల్టు మొండెం హెడ్డుపైన ఆరు మిల్లీమీటర్ల మేర నిలిచి ఉన్నది. అది అదృష్టం. అదృష్టం దక్కినప్పుడు నిదానించాలి. మేము గట్టి పటకారుతో దానిని పట్టి తిప్పాము. రెండవ 'టిక్'. ఈసారి మొండెం హెడ్డు ఉపరితలంతో సమంగా తెగినది. పట్టుకోవడానికి ఇక ఏమీ మిగలలేదు. పడవ యజమాని ఏమీ అనలేదు. లేచి వెళ్లి అందరికీ టీ కలిపి తెచ్చారు. ఆ టీ తాగడం మాకు కొంచెం కష్టమైనది.

ఆ సాయంత్రం చేపల రేవులో మరపడవల ఇంజనులు బాగుచేసే వయోవృద్ధుడైన మేస్త్రి గారిని వెంటబెట్టుకుని వచ్చాము. ఆయన కాసేపు టార్చిలైటు వేసి చూశారు. వేలితో తడిమారు. "రెండుసార్లు ఇరిసేరా బాబూ?" అన్నారు. ఔనన్నాము. "మరింక మూడోసారి తొందరపడకండి. నూనె ఎయ్యండి, నాననీండి. రోజూ ఒకసారి సుత్తితో తట్టండి. ఇనుముకి సెవులుంటాయి" అని చెప్పి, మళ్లీ ఆదివారం వస్తానని వెళ్లిపోయారు.

ఆ వారమంతా పడవ యజమాని ఉదయం, సాయంత్రం పలుచని చొరబడే నూనెను బొట్లుగా వేసి, మొద్దు పంచ్‌ను మొండెంపై నిలిపి చిన్న సుత్తితో పదిసార్లు తట్టారు. తట్టడంలో ఉన్న మర్మం బలంలో లేదు, అదురులో ఉన్నది. పెళుసైన తుప్పు అదురుకు సన్నగా పగుళ్లు వారుతుంది. ఆ పగుళ్లలోకి నూనె దిగుతుంది. ఇది ఎన్నోచోట్ల పనిచేస్తుంది, కాని అన్నిచోట్లా కాదు.

రెండవ ఆదివారం ఏ మార్గం అనుసరించాలన్న విషయమై పెద్ద చర్చ జరిగినది. మేస్త్రి గారి సలహా వెల్డింగు. మొండెంపై ఒక నట్టును పెట్టి, నట్టు మధ్యనుండి కడ్డీతో పోసి అతికిస్తే, పట్టుకోవడానికి కొత్త తల వస్తుంది. అంతకంటే మేలైన విషయం, బోల్టు ఎర్రగా కాలుతుంది. 8 మిల్లీమీటర్ల ఉక్కు 600 డిగ్రీలు వేడెక్కితే వ్యాసంలో పెరిగేది మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యవ వంతు మాత్రమే. అయినా ఆ కాస్త పెరుగుదలకు చుట్టూ ఉన్న తుప్పు నలుగుతుంది. చల్లారి కుదించుకున్నప్పుడు సందు ఏర్పడుతుంది. ఆ సందులో కొవ్వొత్తి మైనం కరిగించి పోస్తే లోనికి జారుతుంది. ఈ పద్ధతి గొప్పదని మాకూ తెలుసు. మా కర్మశాలలో ఎన్నో బోల్టులను ఇలాగే తీసి ఉన్నాము.

కాని అది కర్మశాల కాదు. ఫైబర్‌గ్లాసు పడవ కడుపులో, మనిషి మోకాళ్లపై వంగి కూర్చునే గది. కింద అడుగున నీటితో కలిసిన డీజిల్ తెట్టె. వంటకు గ్యాసు బండ; ఆ గ్యాసు గాలికంటే బరువైనది గనుక కారితే ఎగిరిపోక పడవ అడుగుననే చేరి కూర్చుంటుంది. మన సంస్థలో నిప్పుతో పని చేయాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఆ పత్రంపై సంతకం పెట్టే అధికారి ఇక్కడ ఉంటే ఏమంటారని మమ్మల్ని మేము ప్రశ్నించుకున్నాము. సమాధానం వెంటనే దొరికినది. హెడ్డునే విప్పి ఒడ్డుకు తీసుకుపోదామన్న ఆలోచన కూడా వచ్చినది. హెడ్డును పట్టి ఉంచిన స్టడ్డులు ఈ బోల్టు కంటే పాతవి. వాటిలో ఒకటి విరిగితే? ఆ మాట ఎవరూ పూర్తి చేయలేదు.

ఇక మిగిలినది రంధ్రం చేసి తీయడం. దీనిలో ప్రాణాపాయం లేదు గాని ఇంజనుకు అపాయం ఉన్నది. బోల్టు ఉక్కు గట్టిది, చుట్టూ ఉన్న పోత ఇనుము మెత్తనిది. డ్రిల్లు ఎప్పుడూ మెత్తని వైపుకే జారుతుంది. ఒక మిల్లీమీటరు పక్కకు పోతే మరచుట్లు పోతాయి. వాలుగా దిగితే నీటి గది గోడకు చిల్లు పడుతుంది. అటువంటి హెడ్డు మరొకటి బజారులో దొరకదు. విరిగిన తలం సమంగా ఉండదు గనుక పంచ్ గుర్తు నట్టనడుమ పడడం దుర్లభం. మూడుసార్లు కొలిచాము, మూడు వేరువేరు కేంద్రాలు వచ్చాయి.

మధ్యాహ్న భోజన సమయంలో అప్రెంటిసు కుర్రవాడు తీసివేసిన అల్యూమినియం గూటిని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "సార్, ఈ గూటికి కన్నాలు సరిగ్గా బోల్టుల మీదే ఉన్నాయి కదండీ" అన్నాడు. ఉన్నాయి, ఉంటాయి కదా అన్నాము. "మూడు మంచి బోల్టులతో దీన్నే మళ్లీ బిగించేసి, నాలుగో కన్నంలో బుష్ పెడితే డ్రిల్లు ఎటూ పోదు కదండీ?"

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయినది. మేము వారం రోజులుగా వెతుకుతున్న మార్గదర్శి మా ఒడిలోనే ఉన్నది. గూటి రంధ్రం 9 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 9, లోపలి రంధ్రం 3 ఉన్న ఒక ఉక్కు గొట్టాన్ని లేత్‌పై తీసి ఆ రంధ్రంలో దించితే, డ్రిల్లు నిటారుగా, నట్టనడుమ దిగక తప్పదు. మేస్త్రి గారు కుర్రవాడి వీపు తట్టి, "నీకు ఇంజను తెలిసింది బాబూ" అన్నారు. ఆయన నోట మా గురించి అటువంటి మాట ఏదీ వెలువడలేదని నిజాయితీగా పేర్కొంటున్నాము.

బుష్షులు రెండు చేయించాము: ఒకటి 3 మిల్లీమీటర్లకు, మరొకటి 5 మిల్లీమీటర్లకు. మూడవ ఆదివారం ఉదయం పని ఆరంభమైనది. ముందుగా గ్యాసు బండను ఒడ్డుకు చేర్చి, పడవ అడుగును తుడిచి, బ్యాటరీ తీగలు విప్పి, నీటి ద్వారం మూసివేశాము. థర్మోస్టాటు కూర్చునే గుంటలో గ్రీజు పూసిన గుడ్డ కుక్కాము. ఉక్కు పొట్టు నీటి దారిలో పడితే కొత్త కథ మొదలవుతుంది.

డ్రిల్లు వేగం గురించి ఒక మాట. కొత్తవారు వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ పెడతారు. కొన కాలిపోయి ఉక్కును రుద్దుతుంది గాని కోయదు. మామూలు ఉక్కులో 3 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి సుమారు 2000 చుట్లు, ఆరున్నరకు 1000 చుట్లు సరిపోతాయి. బోల్టు ఉక్కు గట్టిది గనుక మేము అందులో సగంతో నడిపాము. నూనె చుక్కలు వేస్తూ, ప్రతి రెండు మిల్లీమీటర్లకు ఒకసారి బిట్టును పైకి తీసి పొట్టు తుడుస్తూ, బిట్టుపై రంగు పట్టీ చుట్టి లోతు గుర్తు పెట్టుకుని దించాము. మిగిలిన మంచి రంధ్రాలలో ఒకదాని లోతు కొలిచి ఉంచడం వలన ఎక్కడ ఆగాలో తెలిసినది. ఒక్క 3 మిల్లీమీటర్ల రంధ్రానికే నలభై నిమిషాలు పట్టినది. పట్టనిమ్మనుకున్నాము.

రంధ్రం అడుగు దాకా చేరిన తరువాత దానిలో నూనె నింపాము. పైనుండి వారం రోజులు పోసినా చేరని చోటికి అది ఇప్పుడు కిందినుండి ఎక్కగలదు. మంట లేకుండా వేడిగాలి యంత్రంతో చుట్టూ ఉన్న ఇనుమును చేయి పెట్టలేనంత వేడిచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేశాము.

మా పెట్టెలో ఒక ఉపకరణం ఉన్నది. దానిని అందరూ 'ఈజీ అవుట్' అంటారు. ఎడమవైపు మెలికలున్న గట్టి ఉక్కు కడ్డీ. రంధ్రంలో పెట్టి ఎడమకు తిప్పితే లోపల కరుచుకుని బోల్టును వెనక్కు తిప్పాలి. మాలో ఒకరి చేయి దానివైపు వెళ్లినది. మేస్త్రి గారు పెట్టె మూత మూసివేశారు. "అది లోపల ఇరిగితే మరి డ్రిల్లు దిగదు బాబూ. ఇంజను మార్సుకోడవే" అన్నారు. నిజమే. పానా తిప్పితే తెగిన బోల్టు, దాని కడుపులో దూరిన సన్నని కడ్డీతో మాత్రం ఎందుకు వస్తుంది? ఆ కడ్డీ గట్టిగా పదును పెట్టినది గనుక పెళుసైనది. విరిగితే మామూలు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. వదులుగా ఉన్న బోల్టుకు అది పనికివస్తుంది. తుప్పుతో అతుక్కున్నదానికి దానిని వాడడం జూదం.

5 మిల్లీమీటర్ల బుష్షు పెట్టి రంధ్రం పెంచాము. ఆ తరువాత గూడు విప్పి, ఉన్న రంధ్రమే దారిగా 6 మిల్లీమీటర్లకు, చివరగా ఆరున్నరకు తీసుకువెళ్లాము. ఇప్పుడు బోల్టు స్థానంలో మిగిలినది మరచుట్లలో ఇరుక్కున్న పలుచని పొర మాత్రమే. రంధ్రం నిజంగా నట్టనడుమ ఉన్నదా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. టార్చిలైటు వేసి చూస్తే చుట్టూరా సన్నని గీతలుగా బోల్టు చుట్లు సమానంగా మెరిశాయి. ఎవరమూ మాట్లాడలేదు.

కుర్రవాడు సూదిమొన పనిముట్టుతో పై చుట్టు అంచును లోనికి వంచి, సన్నమూతి పటకారుతో పట్టి నెమ్మదిగా లాగాడు. మొదట ఊడివచ్చినది ముక్క. రెండవసారి అర చుట్టు. నూనె వేసి, మళ్లీ తట్టి, మూడవసారి పట్టాడు. పెన్నులోని స్ప్రింగువలె మూడు చుట్లు ఒకే తీగగా పైకి వచ్చాయి. మిగిలినవాటికి మరో గంట పట్టినది. ఆపై టాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ మరచుట్లను శుభ్రపరిచాము. కొత్త బోల్టు వేళ్లతోనే అడుగు దాకా దిగినది. చుట్లు చెడి ఉంటే 8.3 మిల్లీమీటర్లకు తొలిచి తీగచుట్ల తొడుగు వేయవచ్చునని దానిని కూడా తెచ్చి ఉంచాము. దాని అవసరం కలగలేదు.

కొత్త బోల్టులు స్టెయిన్‌లెస్‌వి వేద్దామా అన్న ప్రశ్న వచ్చినది. అవి తుప్పు పట్టవు గాని పక్కనున్న అల్యూమినియాన్ని మరింత త్వరగా తినిపిస్తాయి. జింకు పూతగల ఉక్కు బోల్టులకు, గొర్రె ఉన్ని నుండి తీసే లానోలిన్ గ్రీజు దట్టంగా పూసి వేశాము. రాగి పొడి కలిసిన గ్రీజు అల్యూమినియం దగ్గర, అందునా ఉప్పునీటిలో, తగదు. ప్రతి సంవత్సరం ఆగస్టులో ఈ నాలుగింటిని విప్పి, గ్రీజు పూసి తిరిగి బిగించాలని పడవ యజమాని తన నిర్వహణ పుస్తకంలో రాసుకున్నారు.

సాయంత్రం ఐదున్నరకు నీటి ద్వారం తెరిచి, బ్యాటరీ కలిపి, ఇంజను తిప్పారు. రెండు దగ్గులు, కొంత తెల్లని పొగ, ఆపై నిలకడగా టక్ టక్ మనే చప్పుడు. మేమంతా పడవ వెనుక భాగాన వంగి పొగగొట్టం వైపు చూస్తున్నాము. పావు నిమిషం గడిచినది. నీరు ఒక్కసారిగా చిమ్మి, ఆగి, మళ్లీ చిమ్మినది. ఆవిరి లేదు. మేస్త్రి గారు ఆ నీటి కింద చేయి పెట్టి చూసి తల ఊపారు.

కుర్రవాడు ఆ తీగచుట్లను ఒక అగ్గిపెట్టెలో వేసుకుని, ఇంట్లో అమ్మకు చూపిస్తానని తీసుకుపోయాడు. మేము పనిముట్లు సర్దుకుంటుండగా పడవ యజమాని పొగగొట్టం మొదట్లో ఇంజనుకు బిగించి ఉన్న నాలుగు నట్టుల వైపు చూపి, "అక్కడ కూడా కొంచెం చెమ్మ కనిపిస్తున్నదండీ" అన్నారు. మేము టార్చిలైటు వేసి చూశాము. నాలుగూ ఎర్రగా, గుండ్రంగా, మూలలు లేకుండా ఉన్నాయి. ఆనాడు మేము వాటిని ముట్టలేదు. నూనె మాత్రం వేసి వచ్చాము.